చివరి కిటికీ

“మళ్ళీ చచ్చింది!”

పడకగదిలోంచి డ్రైవరు పెట్టిన కేకకి వంటింట్లో చిట్టి చేతిలోని గరిటె గిన్నెలోకి జారిపోయింది.

వెనకే తలుపు ధడాలున తెరుచుకుంది. బనీను వీపుకి అతుక్కుపోయి, కళ్ళు ఎర్రబారి, జుట్టు రేగిపోయి అతను హాల్లోకి వచ్చాడు. చేతిలో ఏసీ రిమోట్. దాన్ని గోడకేసి కొట్టాలా, బల్ల మీద పెట్టాలా అని క్షణంసేపు తేల్చుకోలేక చివరికి బల్ల మీదే పెట్టాడు. పెట్టిన తీరు మాత్రం కొట్టినట్టే ఉంది.

“కాస్తయినా నిద్ర పట్టిందా?” అంది చిట్టి.

“ఎక్కడ పట్టనిచ్చింది? కన్ను అంటుకునే దాకా బుద్ధిగా తిరుగుతుంది. నేను పడుకున్నానని తెలియగానే ఆగిపోతుంది. దానికి నా మీద ఏం పగో!”

మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా కదలడం లేదు. అందరికీ పగలైన వేళ అతనికి రాత్రి. చీకటి పడేసరికి దూరపు ఊళ్ళకి పోయే బస్సెక్కి స్టీరింగు పట్టుకుంటే, మళ్ళీ ఎండెక్కాకే ఇల్లు చేరడం. ఈ మధ్యలో అతనికి కావలసినవి రెండే, చీకటి గది, చల్లగాలి. చీకటి కోసం చిట్టి మందపాటి పరదాలు వేసింది. చల్లగాలే ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది.

బాల్కనీ వైపు నుంచి వస్తున్న కుట్టుమిషను చప్పుడు ఆగింది.

“నా ఇస్త్రీపెట్టె వల్లేమో తమ్ముడూ!” తలుపు తీయకుండానే వదిన లోపల్నుంచి అంది. “ఇప్పుడే పెట్టాను. తీసేశాన్లే.”

“నీ ఇస్త్రీపెట్టెకీ దీనికీ సంబంధం లేదక్కా. నీ పని నువ్వు చేసుకో.”

అక్కతో మాట్లాడేటప్పుడు అతని గొంతు దానంతటదే మెత్తబడుతుంది. ఆ మెత్తదనం పెళ్ళాం వైపు తిరిగేసరికి ఆవిరైపోతుంది.

“ఆ మెకానిక్కు ఏడీ?”

“పొద్దున్నించీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తడం లేదు.”

“ఇంకొకణ్ణి పిలువు.”

“ఇంకొకాయన వస్తే అన్నీ మొదట్నుంచీ మొదలుపెడతాడు. ఈయనైతే కనీసం ఏవి మార్చాడో తెలుసు.”

“ఏం మార్చాడు? సెన్సర్ మార్చాడు, ఆగింది. కెపాసిటర్ మార్చాడు, ఆగింది. ఇక మార్చాల్సింది మనల్నే.”

వేరే రోజైతే చిట్టి నవ్వేదే. ఇంట్లో అందరికన్నా పొడుగు ఆమే అయినా పుట్టింట్లో పెట్టిన ‘చిట్టి’ అనే ముద్దుపేరు అత్తింటి దాకా వెంటబడి వచ్చినప్పట్నుంచీ, అతను ఏదో ఒకటి అనడమూ ఆమె నవ్వడమూ ఈ ఇంటికి అలవాటే. ఇవాళ నవ్వు రాలేదు. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో మధ్యాహ్నం సెలవు అడిగి మరీ ఇంటి దగ్గర కూర్చున్నది ఈ ఏసీ కోసమే. కాదు, ఏసీ కోసం కాదు. పోయిన వారం తెల్లవారుజామున జరిగిన దాని కోసం.

ఆ తెల్లవారుజామున అతనికి రెప్ప పడింది. బస్సు తారురోడ్డు దిగి పక్కనున్న కంకర మీదికి పోయింది. ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ ఎవరో కెవ్వున అరవబట్టి తేరుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి చిట్టి ఒక్కదానికే చెప్పాడు, అదీ గోడ వైపు తిరిగి పడుకుని. “అక్కకి తెలియనివ్వకు,” అన్నాడు. ఆ రోజు నుంచీ అతను బస్సు తీసుకుని వెళ్తే, మళ్ళీ గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడేదాకా చిట్టికి ముద్ద దిగడం లేదు.

ఫోన్ మోగింది. మెకానిక్కే.

“మేడమ్, ఎవరి డాబా మీదో ఉన్నాను, రెండు చేతులూ గ్రీజే. రేపటిదాకా రాలేను. మీరే నా కళ్ళనుకుని చూసి చెప్పండి. ఫిల్టర్లు కడిగారా?”

“నిన్ననే కడిగాను. దుమ్ము ఇంతైనా లేదు.”

“మెయిను దగ్గర స్విచ్చు పడిపోతోందా?”

“లేదు. అది అలాగే ఉంటోంది.”

“అయితే కరెంటు గొడవ కాదు. సరే, ఆగిపోయే ముందు ఎలా ఉంటుంది? ఉన్నట్టుండి ఆగుతుందా, ముందు చల్లదనం పోతుందా?”

చిట్టి భర్త వైపు చూసింది. అతను విసుగ్గానే జవాబిచ్చాడు. “ముందు చల్లదనం పోతుంది. ఉత్త గాలి వస్తుంది. తర్వాత లైటు మిణుకుమిణుకుమంటుంది. తర్వాత అంతే.”

ఆమె అదే మాట ఫోన్‌లో అప్పజెప్పింది.

“వెంటనే వేస్తే వేసుకుంటుందా?”

“ఊహూఁ. కాసేపు వదిలేస్తేనే.”

అవతల మెకానిక్కు కాస్త సిగ్గుపడుతున్న గొంతుతో అన్నాడు. “అయితే నేను మార్చినవేవీ మార్చక్కర్లేదు మేడమ్. లోపల తప్పేం లేదు. బయటి యూనిట్ కుతకుతలాడి, ప్రాణం కాపాడుకోవడానికి తనే ఆగిపోతోంది. చల్లబడ్డాక మళ్ళీ లేస్తోంది. దాని గాలి బయటికి పోవడం లేదు. ముందర ఏమైనా అడ్డం పెట్టారా?”

“మీరు చూశారుగా. బాల్కనీలో ఉంది.”

“చూశాను. నేను వచ్చినప్పుడల్లా దాని ఎదుటి కిటికీ బార్లా తీసుంది. అందుకే నాకు అటు ఆలోచనే పోలేదు. ఎప్పుడూ అలాగే ఉంటుందా?”

చిట్టి బాల్కనీ తలుపు వైపు చూసింది. “చూసి చెప్తాను,” అని ఫోన్ పెట్టేసింది.

“ఏమంటాడు?” అన్నాడు డ్రైవరు.

ఆమె గరిటె తీసి కడిగింది. కడిగిన గరిటెనే మళ్ళీ కడిగింది.

బాల్కనీ అంటే వదిన గది. వదిన పెట్టె పట్టుకుని వచ్చిన కొత్తలో, “ఆయనతో ఇక పడదు” అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నప్పుడు, తమ్ముడు ఇంకో ప్రశ్న అడగలేదు. సెలవు పెట్టి, తనే దగ్గరుండి బాల్కనీకి అద్దాల కిటికీలు బిగించి, ఒక తలుపు పెట్టి, “ఇది నీ గది, గడియ కూడా నీదే” అన్నాడు. అప్పుడు చిట్టి ఒక మాట అంది. “ఏసీ యూనిట్ లోపలే ఉండిపోతుందేమో, దానికి గాలాడుతుందా?” ఆ మాటకి అతను చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. అక్క రావడం నచ్చక యూనిట్ మీద పెట్టి మాట్లాడిందనుకున్నాడు. అప్పట్నుంచీ ఆమె ఆ బాల్కనీ ఊసే ఎత్తలేదు. వదిన పిలవకుండా ఆ గదిలో అడుగు పెట్టలేదు.

“నిన్నే. ఏమన్నాడు?”

“బయటి యూనిట్‌కి గాలి ఆడటం లేదట.”

“ఎందుకాడదు? ఆ చివరి కిటికీ ఎప్పుడూ తీసే ఉంచమని అక్కకి చెప్పాగా.”

“చెప్పారు. కానీ మొన్న వదిన కుట్టిన పరదాలు ఇచ్చిరావడానికి వెళ్ళారు చూడండి, ఆ రోజు ఏసీ ఒక్కసారి కూడా ఆగలేదు. మీరు సాయంత్రం దాకా కదలకుండా పడుకున్నారు.”

అతని మొహం మారింది.

“అంటే?”

“అంటే ఏం లేదు. జరిగింది చెప్పాను.”

“మా అక్క ఇంట్లో లేకపోతే ఏసీ బాగుంటుంది. ఉంటే పాడవుతుంది. అంతేగా నువ్వంటున్నది?”

“నేను కిటికీ గురించి మాట్లాడుతున్నాను.”

“మొదటి రోజు నుంచీ నువ్వు కిటికీ గురించే మాట్లాడుతున్నావు!”

“నెమ్మదిగా. వినపడుతుంది.”

“వినపడనీ!” అన్నాడే గానీ గొంతు తగ్గించాడు. “ఎక్కడికి పోతుంది చెప్పు? నాకు నిద్ర లేకపోతే లేదు. అక్క మాత్రం ఎక్కడికీ పోదు.”

“పొమ్మని ఎవరన్నారు? నా నోట్లో లేని మాట మీరే పెట్టి, మీరే కోప్పడితే నేనేం చెప్పను? రాత్రికి మీ వెనక బస్సు నిండా మనుషులు కూర్చుంటారు. నా బాధ అది.”

అతను మొహం మీద చన్నీళ్ళు కొట్టినట్టు నిలబడిపోయాడు. తుండుగుడ్డ నీళ్ళలో తడిపి, పిండి, మెడ చుట్టూ వేసుకుని గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. కాసేపటికి పైన ఫ్యాను గరగరమనడం వినిపించింది.

కుట్టుమిషను మాత్రం ఇంకా మొదలుకాలేదు.

చిట్టి పొయ్యి కట్టేసి, చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని, బాల్కనీ తలుపు మీద వేలితో తట్టింది.

“వదినా, నేనే.”

గడియ తీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

తలుపు తెరవగానే మొహాన సెగ కొట్టింది. కుంపటి మీద మూత తీసినట్టయింది. పొడుగాటి గది, ఒక చివర మంచం, మధ్యలో కుట్టుమిషను, ఆ చివర నేల మీద ఏసీ యూనిట్. అద్దాల కిటికీలు ఈ కొస నుంచి ఆ కొస దాకా బిగించి ఉన్నాయి. యూనిట్ ఎదుటిది కూడా. వాటి మీద పరదాలు, ఆ పరదాలు కదలకుండా అంచులకి కుట్టుపిన్నులు. చిట్టి యూనిట్ మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి లాక్కుంది.

వదిన జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. నుదుటి మీద జుట్టు అంటుకుపోయింది. ఆవిడ మంచం మీద బట్టలు సర్దుతోంది, మడత పెట్టిన వాటినే మళ్ళీ మడత పెడుతూ.

“విన్నాను చిట్టీ. తప్పు నాదే. దుమ్ము పడి కుట్టే గుడ్డలు మాసిపోతున్నాయని మూశాను. రెండ్రోజులు ఎక్కడైనా స్నేహితురాలి దగ్గర ఉండొస్తాను. వాడు నిద్రపోతాడు.”

“మీకు ఏ స్నేహితురాలుంది వదినా?”

వదిన చేతులు ఆగిపోయాయి. చిట్టి అన్నది ఎత్తిపొడుపుగా కాదు. నిజంగానే అడిగింది. వచ్చి ఇన్నాళ్ళయినా ఆవిడకి ఒక ఫోన్ రాలేదు, ఒక మనిషి రాలేదు.

“దుమ్ముకైతే మిషను వైపు మూసి యూనిట్ వైపు తీసుకోవచ్చు. మెకానిక్కు వచ్చిన పూట తీశారు. మీరు బయటికెళ్ళిన రోజు తీశారు. ఇంత సెగలో కూర్చుని, పరదాలకి పిన్నులు కూడా పెట్టుకున్నారంటే అది దుమ్ముకి కాదు.” చిట్టి మంచం అంచున కూర్చుంది. “నాకు చెప్పకపోతే పోనీ. ఇలా ఉడికిపోతే మీకేమైనా అవుతుంది.”

యూనిట్ లోపలెక్కడో వేడి లోహం చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది.

“చిన్నగా తీసి చూడు,” అంది వదిన చివరికి. “కింద, మందుల దుకాణం పక్కన.”

చిట్టి ఒక పిన్ను తీసి పరదా అంచు వేలెడంత తొలగించింది. ఎండలో వీధి తెల్లగా మెరుస్తోంది. మందుల దుకాణం నీడలో ఒక స్కూటరు. దాని మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మనిషి, చేతులు కట్టుకుని, తల పైకెత్తి కూర్చున్నాడు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు లేడు. సినిమా హాల్లో కూర్చున్నంత తీరిగ్గా ఉన్నాడు.

“అన్నయ్యే కదూ, మీ ఆయన?”

“మధ్యాహ్నం అవగానే వస్తాడు. ఎండ దిగేదాకా ఉంటాడు.”

“ఎప్పట్నుంచి?”

“ఎండలు ముదిరినప్పట్నుంచి. ముందు రోడ్డు చివర ఉండేవాడు. రోజురోజుకీ దగ్గరికి జరుగుతున్నాడు.”

చిట్టి పరదా వదిలేసింది.

“ఎప్పుడూ కొట్టలేదు చిట్టీ,” అంది వదిన. బట్టలతో చెప్తున్నట్టు తల దించుకునే చెప్పింది. “తిట్టలేదు కూడా. అదే, ఎవరికీ చెప్పుకోవడానికి ఏమీ లేదు. చూస్తాడు, అంతే. నేను కుట్టుపనికి వెళ్ళే దుకాణం ఎదురుగా పొద్దున్నించీ సాయంత్రం దాకా నిలబడేవాడు. కొలతలివ్వడానికొచ్చే ఆడవాళ్ళు జంకారు. దుకాణమామె మర్యాదగానే మానేయమంది. స్నానాల గదిలో ఆలస్యమైతే తలుపు బయట నిలబడేవాడు. ‘ఏం లేదు, ఉన్నావో లేదో చూస్తున్నా’ అనేవాడు. ఎవరికైనా చెప్తే, ఎంత ప్రేమో అనేవాళ్ళు.”

“మీ తమ్ముడికి చెప్పొచ్చుగా!”

“వాడి సంగతి నీకు తెలియదా? ఉన్నపళాన కిందికి దిగి చొక్కా పట్టుకుంటాడు. పోలీసు కేసయితే వాడి చేతికి మళ్ళీ బస్సిస్తారా? నేను మూలన నీడలా పడుంటే, చూసి చూసి ఆయనే విసిగి వెళ్ళిపోతాడనుకున్నాను.” చేతిలోని బట్ట మంచం మీద పడేసింది. “నేను దాక్కున్నందుకు వాడి నిద్ర పోతోందని నాకేం తెలుసు?”

పోయిన వారం బస్సు సంగతి చిట్టి నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఇంతకాలం అక్కా తమ్ముడూ ఒకే చూరు కింద ఒకరి గురించి ఒకరు భయపడుతూ, ఆ భయం రెండో మనిషికి తెలియకుండా దాచుకుంటూ బతికారు. తనూ అంతే. వదినకి తను నచ్చలేదేమోననీ, అందుకే ఎప్పుడూ తలుపేసుకుంటుందేమోననీ లోపల్లోపల చిన్నబుచ్చుకుంది. ఒక్కసారి తలుపు తడితే పోయేది.

ఆమె లేచి, వదిన మడతపెట్టిన బట్టలన్నీ ఎత్తి తిరిగి అలమరలో పెట్టేసింది.

“మీరెక్కడికీ వెళ్ళడం లేదు. సాయంత్రం ఆయన లేచాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. కేసు పెట్టాల్సొస్తే మనమే పెడదాం, ఆయన చేతులకి పని చెప్పకుండా. ముందు మాత్రం ఆయన నిద్రపోవాలి.”

వదిన కిటికీ వైపు చూసింది. ఆ చూపులో ఎంత బెదురుందో, అంత అలసటా ఉంది.

“నేను తీయనా?” అంది చిట్టి.

“వద్దు.”

ఆవిడ లేచి, యూనిట్ పక్కగా ఒదిగి నిలబడి, పిన్నులు ఒక్కొక్కటీ తీసి పెదాల మధ్య పెట్టుకుంది, కుట్టేటప్పుడు పెట్టుకున్నట్టే. పరదా పక్కకి లాగింది. చివరి కిటికీ అద్దం మొరాయించింది. రెండు చేతులూ వేసి తోసింది. కీచుమంటూ పూర్తిగా జరిగింది. తర్వాత దాని పక్కది. ఆ పక్కది కూడా. వీధి గాలి, వేడిదే అయినా, గదిలోకి దూసుకొచ్చింది.

చిట్టి మునివేళ్ళ మీద పడకగదిలోకి వెళ్ళి రిమోట్ నొక్కింది. డ్రైవరు కళ్ళు తెరవకుండానే, “ఏమైంది?” అని గొణిగాడు. “ఏం కాలేదు, పడుకోండి,” అంది. బాల్కనీలో యూనిట్ ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. ఆమె అక్కడే నిలబడి కనిపెట్టుకుని చూసింది. చల్లదనం నిలబడింది. అతని ఊపిరి బరువెక్కింది. పిడికిలి బిగించిన చెయ్యి మంచం మీద మెల్లగా విచ్చుకుంది.

హాల్లోకి వచ్చేసరికి వదిన ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

“చిట్టీ,” అంది వెనక్కి తిరక్కుండా. “స్కూటరు దిగాడు.”

చిట్టి పరుగున వచ్చి చూసింది. స్కూటరు ఒంటరిగా ఉంది. మనిషి వీధి దాటుతున్నాడు, తొందరేమీ లేకుండా, అటూ ఇటూ చూసుకుంటూ. ఈ ఇంటి గేటు లోపలికి వచ్చాక కనిపించలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.

“ఆయన్ని లేపనా?”

“వద్దు. వాడు ఇప్పుడే పడుకున్నాడు.” వదిన పెదాల మధ్య పిన్నులు తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు వెనక్కి దువ్వుకుని ముడేసుకుంది. “వీధి తలుపు నేనే తీస్తాను. నువ్వు నా పక్కన నిలబడు, చాలు.”

గంట మోగలేదు. వేలితో తట్టాడు, మెత్తగా, పక్కింటివాళ్ళు పంచదారకి వచ్చినట్టు.

వదిన గొలుసు తగిలించే ఉంచి, తలుపు జానెడు తీసింది. ఆ సందులో ఇస్త్రీ చొక్కా, నవ్వుమొహం.

“కిటికీలు తీశావే,” అన్నాడు అతను. “అన్నీ తీశావు. రమ్మనేగా?”

తలుపంచు పట్టుకున్న వదిన వేళ్ళు తెల్లబడటం చిట్టి చూసింది. వెనక నుంచి ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది.

“గాలి కోసం తీశాను,” అంది వదిన. “మీ కోసం కాదు. ఇక రోజూ తీసే ఉంటాయి. మీరు మాత్రం అక్కడ కూర్చోవడానికి వీల్లేదు.”

నవ్వు చెదరలేదు. “నేను రోడ్డు మీద కూర్చుంటాను. రోడ్డు మీ తమ్ముడిదా?” అంటూ ఆ సందులోకి చెయ్యి పెట్టి గొలుసుని వేలితో తాకి చూశాడు, ఎంత గట్టిదో అంచనా వేస్తున్నట్టు.

ఏసీ ఆగలేదు. అయినా పడకగది తలుపు తెరుచుకుంది.

“ఎవరక్కా వచ్చింది?” అన్నాడు డ్రైవరు నిద్రమత్తులో, మెడ మీద తడి తుండుగుడ్డతో.

ఎవరో పక్కింటివాళ్ళని చిట్టి అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. కానీ వదిన ఆమె కన్నా ముందే మాట్లాడింది. గొలుసు మీది వేలి నుంచి చూపు తిప్పుకోలేదు.

“ఇలా వచ్చి నా పక్కన నిలబడు తమ్ముడూ. చెయ్యి మాత్రం ఎత్తకు,” అంది. “నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది చెప్తాను. ఈయన ఎదురుగానే చెప్తాను.”